పొట్లం ఎవరిది?

‘గంజాయి కేసు పెట్టి లోపలేయిస్తా’ అనే బెదిరింపు మన దగ్గర కొత్తేమీ కాదు. షికాగోలో రొనాల్డ్ వాట్స్ అనే పోలీసు సార్జెంట్ బెదిరింపుతో ఆగలేదు. ఐడా బి. వెల్స్ హోమ్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో నల్లజాతి పేదలు ఉండేవారు. అక్కడ మత్తుమందు అమ్మేవాళ్ల దగ్గర వాట్స్ మామూళ్లు వసూలు చేసేవాడు. ఇవ్వనన్నవాళ్ల మీదా, ఏ వ్యాపారంతోనూ సంబంధం లేనివాళ్ల మీదా పొట్లం పెట్టి కేసు కట్టేవాడు.

వెయ్యి డాలర్లు ఇవ్వనన్న ఒకాయన 2005లో అలాగే ‘దొరికాడు’. వాట్స్ లంచం అడిగాడని కోర్టులో మొత్తుకున్నాడు. జడ్జి పోలీసుల మాటే నమ్మి 18 ఏళ్లు వేశాడు, తర్వాత 14కి తగ్గించాడు. ఈలోగా ఆయన మీదా, ఆయన భార్య మీదా ఇంకో కేసు. ముగ్గురు పిల్లలు. ఇద్దరూ జైలుకెళితే వాళ్లకు అన్నం పెట్టేదెవరు? తప్పు ఒప్పుకుంటే ఆమెను ప్రొబేషన్ మీద ఇంటికి పంపుతామన్నారు. ఒప్పుకున్నారు. రికార్డులో అది స్వచ్ఛందంగా చేసిన నేరాంగీకారం!

వాట్స్‌లాంటివాడు ఏ స్టేషన్‌లోనైనా ఉండొచ్చు. నాకు మింగుడుపడనిది వేరే. ఇతని వసూళ్ల మీద ఎఫ్‌బీఐ, పోలీసు అంతర్గత విభాగం 2004 నాటికే కూపీ లాగుతున్నాయి. పైవాళ్లకు అనుమానం ఉంది, ఫైలుంది. అయినా అతను కట్టిన కేసుల్లో మనుషులు జైలుకు పోతూనే ఉన్నారు. లోపలి నుంచి దర్యాప్తుకు సాయపడిన ఇద్దరు పోలీసులను తోటివాళ్లే ద్రోహులన్నారు. వాళ్లు దావా వేస్తే నగరం 20 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది.

చివరికి 2012లో వాట్స్‌ను అరెస్టు చేసింది కూడా పొట్లాల కోసం కాదు, ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్ దగ్గర 5,200 డాలర్లు కొట్టేసినందుకు. పడిన శిక్ష 22 నెలలు. వెయ్యి డాలర్లు ఇవ్వనన్న ఆ మనిషి 2016లో గానీ బయటపడలేదు. 2017 నవంబరులో ఒక్కరోజే 15 మంది శిక్షలు రద్దయ్యాయి. ఇప్పటికి రద్దయిన శిక్షలు రెండొందలు దాటాయి. 2025లో షికాగో 9 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. కట్టేది పన్నులు కట్టే జనమే లెండి.

మనకెందుకీ గొడవ అంటారా? మన మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్‌లో 54వ సెక్షన్ ఉంది. సరుకు నీ దగ్గర దొరికిందని రుజువైతే, నిర్దోషినని చూపించుకోవాల్సిన బరువు నీ మీదే పడుతుంది. దొరికిందనడానికి ఆధారం చాలాసార్లు పట్టుకున్న పోలీసుల మాట, పంచనామా మీద రెండు సంతకాలు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని 105వ సెక్షన్ సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలంటోంది. మంచిదే. కానీ వీడియో తీయకపోతే ఏమవుతుందో ఆ సెక్షన్‌లో లేదు. వీడియో లేని స్వాధీనం చెల్లదని చట్టంలోనే రాయాలి. ‘ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది సార్’ అంటే కోర్టు తలూపకూడదు.