వేగం చవక, నలుపు ఖరీదు

సినిమా హాల్లో బాల్కనీ టిక్కెట్టు వాడికీ, బెంచీ టిక్కెట్టు వాడికీ కనిపించే బొమ్మ ఒక్కటే. తేడా అల్లా కుర్చీలోనూ, మెడనొప్పిలోనూ! మరి గేములాడుకునే మానిటర్ల సంగతి? పది పన్నెండు వేలకు వచ్చేదీ మానిటరే, అరవై వేలు పోస్తే వచ్చేదీ మానిటరే. ఏది కొనాలని అడిగే కుర్రకారు మా చీమకుర్తిలోనూ ఎక్కువయ్యారు. సినిమా పత్రికలో ఈ గొడవేమిటని విసుక్కోకండి. మీలో సగంమంది సినిమాలు చూస్తున్నది కూడా ఆ తెర మీదే కదా!

ముందు వేగం. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు చాలు. 2012లో పీటర్ జాక్సన్ 'ది హాబిట్'ని 48 ఫ్రేముల్లో తీస్తే, ఇది సినిమాలా లేదు, టీవీలా ఉందని పెదవి విరిచినవాళ్లు చాలామంది. గేము అలా కాదు. అందులో హీరో మీరే. మౌసు కదిపిన క్షణానికీ, తెర మీద తుపాకీ తిరిగే క్షణానికీ మధ్య జాప్యం మీ చేతికి తెలిసిపోతుంది.

ఇక్కడ కాస్త లెక్క వెయ్యండి. 60 హెర్ట్జ్ మానిటరు 16.7 మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ చూపిస్తుంది. 144 హెర్ట్జ్ అయితే 6.9కి, 240 అయితే 4.2కి. అంటే మొదటి మెట్టెక్కితే దాదాపు పది మిల్లీసెకన్లు లాభం, రెండో మెట్టుకి మూడు కూడా లేదు. ఆ మొదటి మెట్టు ఇవాళ చవక మానిటర్లలోనే దొరుకుతోంది. పైగా 24 ఫ్రేముల సినిమా 60లో సమంగా ఇమడదు; ఒక ఫ్రేము రెండుసార్లు, మరోటి మూడుసార్లు చూపించి సర్దుకుంటుంది. 144లో అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఆరుసార్లు!

బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనపడకుండా చేసే 'సింక్' కూడా ఒకప్పుడు దొరబాబుల సరుకే. 2013లో ఎన్విడియా తెచ్చిన జీసింక్‌కి మానిటరు లోపల ప్రత్యేకమైన చిప్పు కావాలి, దానికి అదనపు ఖరీదు. 2019 జనవరి నుంచి అదే కంపెనీ మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లకూ తలుపు తీసింది. అలా వేగం సామాన్యుడి వీధికి వచ్చేసింది.

అయితే పెట్టె మీది అక్షరాలన్నీ నమ్మేయకండి. '1 ఎం.ఎస్.' అని రాసి ఉంటే, అది చాలాసార్లు అన్నీ బిగించి లాగిన అంకె; అలా లాగితే కదిలే బొమ్మ వెనకాల దెయ్యంలా నీడ పడుతుంది. 'హెచ్.డి.ఆర్. 400' ముద్ర కూడా అంతే. తెరలో ఏ భాగానికి ఆ భాగం వెలుగు తగ్గించుకునే ఏర్పాటు లేకపోయినా ఆ ముద్ర పడుతుంది.

మా ఊళ్లో డిగ్రీ చదివే కుర్రాడొకడు అరవై వేల ఓలెడ్ మీద మనసు పడ్డాడు. డబ్బు వాళ్లన్నది. గ్రానైటు పాలిషింగులో పనిచేసి దాచుకున్నది. తమ్ముణ్ణి వద్దనడం చేతకాని అన్న.

"నీ కంప్యూటరు ఆ గేములో ఎన్ని ఫ్రేములిస్తోందిరా?" అన్నాను.

"డెబ్భై, అన్నా."

"మరి 240 హెర్ట్జ్ తెర కొంటే ఏం చూపిస్తుంది? వంటింట్లో రెండు కూరలు వండి, పదిమందికి విస్తర్లు వేసినట్టు!"

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత పన్నెండు వేలకో మానిటరు, పాతికవేలకో గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. మిగిలింది అన్నకిచ్చేశాడు. గేము బ్రహ్మాండంగా నడుస్తోంది. కానీ వారం తిరక్కుండా వచ్చి, "అన్నా, సినిమాలో రాత్రి సీన్లు బూడిద రంగులో ఉన్నాయి" అన్నాడు.

వాడి కన్ను తప్పు పట్టలేను. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ దేశదేశాలకు వెళుతోందంటే కారణమేమిటి? అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. కానీ ఆ చుక్కలు మెరిసేది వెనకాల రాయి అంత నల్లగా ఉండబట్టే. తెరకీ అదే సూత్రం. చవక ఐపీఎస్ తెరలో వెనకదీపం ఆరదు. వెలుగుకీ నలుపుకీ తేడా సుమారు వెయ్యింతలు. వీఏ తెరలో మూడువేలింతల దాకా ఉంటుంది గానీ, చవక రకాల్లో చీకటి దృశ్యం కదిలితే మసి పూసినట్టవుతుంది. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తన దీపం తానే ఆర్పేసుకుంటుంది. ఆ అరవై వేలలో మీరు ముఖ్యంగా కొంటున్నది ఆ చీకటినే! దానికో జబ్బు కూడా ఉంది: కదలని స్కోరుబోర్డు నెలల తరబడి ఒకేచోట ఉంటే, దాని మచ్చ తెర మీద మిగిలిపోవచ్చు.

కాబట్టి నా తీర్పు ఇదీ. గేములే ముఖ్యమా? 144 దాటిన చవకది కొని, మిగిలిన డబ్బు కంప్యూటరుకి పెట్టండి. రాత్రిళ్లు దీపాలార్పి సినిమాలు చూసే రకమా, జేబూ నిండుగా ఉందా? ఓలెడ్ కొనుక్కోండి, ఎవరూ తప్పు పట్టరు. ఆటా సినిమా రెండూ కావాలి, జేబేమో చిన్నదంటారా? వీఏ వైపు చూడండి. ఏది కొనబోయినా, దుకాణంలో వాళ్లు వేసి చూపించే రంగుల పూలతోట వీడియో చూసి మురిసిపోకండి. మీకిష్టమైన సినిమాలోంచి ఒక అర్ధరాత్రి సీను పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి, అది వేయించి చూడండి. పూలు ఏ తెర మీదైనా అందంగానే ఉంటాయి!