మగవారి ధనుర్మాసం నోము

ధనుర్మాసం వచ్చిందంటే ఆడవాళ్ళకు తెల్లవారుజామున లేవడాలు, ముగ్గులు, గొబ్బెమ్మలు, పొంగలి ప్రసాదాలు. మరి మగవారికి ఈ నెలలో నోములేవీ లేవా అంటే, ఎందుకు లేవండీ! మా ఇంట్లో నలభై ఏళ్ళ నుంచి ఒకటి నడుస్తోంది. మొదట మా వారు పట్టారు, ఇప్పుడు మా అబ్బాయి పట్టాడు. ఉద్యాపన మాత్రం లేదు. దాని పేరు 'బండి వేడెక్కించే నోము'.

విధానం చెబుతాను వినండి. ఉదయం ఏడున్నరకు కర్తగారు చెవులకు మఫ్లరు చుట్టుకుని వరండాలోకి వేంచేస్తారు. చలిగాలి రాకుండా గ్రిల్లుకు పట్టాలు కట్టిన వరండా అది. అక్కడ మోటారు సైకిలు స్టార్టు చేస్తారు. చేసి, మళ్ళీ లోపలికి వచ్చేస్తారు! ఇడ్లీ తింటారు, కాఫీ తాగుతారు, జేబురుమాలు కనిపించడం లేదని కేకలేస్తారు. బండి మాత్రం పది నిమిషాలు, చలి ముదిరితే పావుగంట, అక్కడే నిలబడి గుడగుడలాడుతూ ఉంటుంది. ఇల్లంతా కంపు. ఇదేమిట్రా నాయనా అంటే, "ఇంజిను వేడెక్కాలి కదమ్మా, నీకు తెలీదులే" అంటాడు. అని, నా ముగ్గు మీదుగా పోతాడు.

నా పోట్లాటంతా ఈ 'నీకు తెలీదులే'తోనే.

మాది ఆదిలాబాదు. నేను పుట్టింది గుంటూరు వైపయినా, మా వారి ఉద్యోగంతో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. తెలంగాణలో చలి అనగానే ముందు మా జిల్లా పేరే చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీలకు దిగువన ఉండడం మాకు మామూలే. కొన్ని ఏళ్ళు అయిదారు దాకా పడిపోతుంది. అయితే మాత్రం, చలి సంగతి ఆడదానికి తెలియదంటే ఎలాగండీ? పెరుగు తోడుకోకపోతే గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేదెవరు? ఇడ్లీ పిండి పులవలేదని పొయ్యి పక్కకు జరిపేదెవరు? కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోతే ఎండలో పెట్టి పిల్లల తలకు రాసేదెవరు? ఇంజిను దగ్గర చలి చేసే పనులూ ఇలాంటివే. ఇంతకంటే బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇంజినులో నూనె చిక్కబడుతుంది. కొబ్బరినూనెలాగా గడ్డకట్టదు గాని, ఆముదంలా బరువుగా కదులుతుంది. లోపలి భాగాలు తిరగడానికి మొరాయిస్తాయి. అందుకే నూనె డబ్బా మీద 10డబ్ల్యు-30 అనీ, 20డబ్ల్యు-40 అనీ రాసి ఉంటుంది. మొదటి అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ నూనె అంత తేలిగ్గా పారుతుందన్నమాట. ఆ 'డబ్ల్యు' అంటే ఏమిటండీ అని మా వారిని అడిగితే ఠక్కున 'వెయిట్' అన్నారు. కాదు, 'వింటర్'. ముప్ఫై ఏళ్ళు స్వయంగా నూనె మార్పించుకొచ్చిన మనిషికి ఆ అక్షరం శీతాకాలమని తెలియదు. 'నీకు తెలీదులే' అని ఎవరిని ఎవరు అనాలో మీరే చెప్పండి.

బ్యాటరీ మన ఇడ్లీ పిండి లాంటిది. అందులో జరిగేది రసాయన చర్య. చల్లబడితే మందగిస్తుంది. కొత్త బ్యాటరీకి మా ఊరి చలి ఒక లెక్కలోది కాదు. కాటికి కాళ్ళు చాచుకున్న బ్యాటరీ మాత్రం ఆ కాస్త చలికే స్టార్టరు తిప్పలేక 'టిక్ టిక్' మని ఊరుకుంటుంది. అప్పుడు తిట్లన్నీ చలికి. రెండేళ్ళుగా దాని మొహం చూడని యజమానిని ఎవరూ ఏమీ అనరు.

ఇక పెట్రోలు. పక్కింటాయన ఒకరోజు పొద్దున్నే గోడ మీంచి తొంగిచూసి, "పెట్రోలు గడ్డకట్టిందండీ" అని సెలవిచ్చారు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పంటుకునేంత ఆవిరి వదిలే పదార్థం అది. ఆదిలాబాదు చలికి గడ్డకడుతుందా? కాకపోతే, చల్లటి ఇంజినులో పెట్రోలు సరిగా ఆవిరి కాక గోడలకు చెమ్మలా పట్టుకుంటుంది. మండేది ఆవిరి గాని ద్రవం కాదు కాబట్టి, మొదట్లో కాస్త ఎక్కువ పెట్రోలు అందించాలి. పాత బళ్ళకు చోక్ ఉండేది అందుకే. గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతుంది. పచ్చి కట్టెలు అంటుకోవడానికి మన అమ్మలు నాలుగు చుక్కలు కిరసనాయిలు ఎక్కువ పోసేవారు చూడండి, అదే చోక్. అంటుకున్నాక కూడా పోస్తూ కూర్చుంటే ఏమవుతుంది? పొగ, మసి. అక్కడా అంతే. ప్లగ్గు తడిసి, నల్లబడి, బండి మొండికేస్తుంది.

ఈ ఒక్క ముక్క ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పి ఉంటే!

1987లో నాకొక మోపెడ్ ఉండేది. ఊరి చివర బడిలో టీచరు ఉద్యోగం. జీతంలోంచి నెలనెలా మిగిల్చి, నా డబ్బుతో నేను కొనుక్కున్నాను. కుచ్చిళ్ళు దోపుకుని దాని మీద వెళ్తుంటే ఆ దర్జా వేరు లెండి. మరుసటి జనవరిలో ఒకరోజు, మా వారు క్యాంపులో ఉండగా, బండి కదలనంది. చోక్ లాగాను. లాగింది లాగినట్టే ఉంచి, ఒళ్ళంతా చెమటలు పట్టేదాకా తొక్కాను. తొక్కినకొద్దీ పెట్రోలు ఇంకా ఇంకా లోపలికి పోతోందని నాకేం తెలుసు? చివరికి నడిచి వెళ్ళేసరికి రెండో గంట కొట్టేశారు. హెడ్మాస్టరుగారు అరపూట సెలవు రాసి, స్టాఫు రూములో అందరి ముందూ, "ఆడవాళ్ళకు యంత్రాలు అచ్చిరావమ్మా" అన్నారు. క్యాంపు నుంచి వచ్చిన మా వారు కూడా అదే పాట. ఆయనా ఒకసారి చోక్ లాగి, నాలుగు తొక్కులు తొక్కి, చలికి ఇంజిను దెబ్బతిందని తేల్చేశారు. సంక్రాంతి రాకుండానే బేరం పెట్టారు. కొనుక్కోవడానికి వచ్చిన కుర్రాడు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, మా వరండాలోనే కూర్చుని ప్లగ్గు ఊడదీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ బిగించి, చోక్ మూసి రెండు తొక్కులు తొక్కాడు. బండి స్టార్టయింది. నా మోపెడ్ నా కళ్ళ ముందు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత పదకొండేళ్ళు బడికి నడిచాను, లేదా మా వారి తీరిక చూసుకుని స్కూటరు వెనక కూర్చున్నాను.

సరే, అది పాత కథ. ఆ కాలపు స్కూటరును ఒక పక్కకు ఒరగదీసి, నిలబెట్టి, ఇష్టదేవతను తలుచుకుని కిక్కు కొట్టాల్సి వచ్చేది. కాసేపు బుజ్జగించారంటే అర్థముంది. ఇప్పటి సంగతి అది కాదే! 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బళ్ళకు బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. మా అబ్బాయిది ఆ తరవాత కొన్నదే. దానికి కార్బురేటరూ లేదు, చోకూ లేదు. ఇంజిను ఎంత చల్లగా ఉందో కనిపెట్టే బుల్లి పరికరం ఒకటి ఉంటుంది. దాన్నిబట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో లోపలి కంప్యూటరే లెక్క కట్టుకుంటుంది. అంత తెలివైన బండిని కొని, దానికి నాన్నగారి స్కూటరుకు చేసిన ఉపచారాలే చేస్తున్నాడు!

నా మాట మీద నాకే నమ్మకం చాలక మెకానిక్కుని అడిగాను. "గంతసేపెందుకమ్మా? అర నిమిషం, నిమిషం చాలు. మెల్లగ పోనియ్యమను, గదే వేడెక్కుతది" అన్నాడు. నిలబెట్టిన ఇంజినుకు పని తక్కువ, అందుకే వేడీ నెమ్మదిగానే పుడుతుంది. అందాకా లోపల గోడలకంటిన పెట్రోలు అక్కడి నూనె పొరను కడిగేస్తూ ఉంటుంది. గట్టిగా రేజ్ చేయకుండా రెండు మూడు కిలోమీటర్లు నింపాదిగా తోలితే ఇంజినుతోపాటు గేర్లూ, టైర్లూ అన్నీ వేడెక్కుతాయి. టైర్లను నిలబెట్టి ఎవరు వేడిచేయగలరు? సైలెన్సరులోంచి తెల్లగా వచ్చేదాన్ని చూపించి "చూశావా, ఊపిరి తీసుకుంటోంది" అంటాడు మావాడు. ఊపిరీ కాదు, ఏమీ కాదు, నీళ్ళ ఆవిరి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. చల్లటి సైలెన్సరులో అవే బొట్లు బొట్లుగా దిగుతాయి. వీధి చివర పాల ప్యాకెట్టుకు కూడా బండి తీసేవారి సైలెన్సరు ఎందుకు తుప్పు పడుతుందో ఇప్పుడు తెలిసిందా?

పెట్రోలు వాళ్ళది, బండి వాళ్ళది, ఏడిస్తే ఏడ్చారని ఊరుకునేదాన్నే. కానీ ఆ పొగ మనది. చల్లటి ఇంజిను వదిలే పొగే అన్నిటికంటే చెడ్డది. అప్పుడు పెట్రోలు ఎక్కువ, సరిగా మండేది తక్కువ. సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే భాగం ఒకటి ఉన్నా, రెండు మూడు వందల డిగ్రీలకు వేడెక్కితే గాని అది పనిలోకి దిగదు. అంటే ఏ పది నిమిషాలు బండిని ఇంట్లో నిలబెడతారో, వాటిలోనే విషం ఎక్కువ. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దని మన అమ్మమ్మలు చెప్పేవారే, ఆ కుంపటి వదిలేదీ ఇదే. కుంపటి దగ్గర అంత జాగ్రత్త నేర్చిన ఇళ్ళల్లోనే వరండాలో ఇంజిను పెట్టి తలుపులు బిగిస్తున్నాం.

మా అత్తయ్యగారి మంచం వరండా కిటికీ పక్కనే ఉండేది. చలికాలం వస్తే చాలు, పొద్దున పూట ఆవిడకు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. చలి పడటం లేదని శొంఠి పట్టు వేసేదాన్ని. కిటికీ ఇంకా బిగించేదాన్ని. ఆవిడ 1994లో, వయసు మీదపడి పోయారు. ఆ తలనొప్పులు స్కూటరు పొగ వల్లేనని నేను ప్రమాణం చేయలేను. కానీ మా వారు క్యాంపుకు వెళ్ళిన వారాల్లో, చలి ఎంత ఉన్నా, ఆవిడ పొద్దున్నే లేచి మడి కట్టుకుని నాతోపాటు గొబ్బెమ్మలు చేసేవారు. ఇది నాకిప్పుడు గుర్తుకొస్తోంది. అప్పుడు గుర్తించలేదు.

"బండిని వీధిలోకి తోసుకెళ్ళి స్టార్టు చేయరా" అంటే మావాడికి నామోషీ. చలిలో నిలబడాలట. వాడు నిలబడలేని చలిలో నేను అయిదింటికే నీళ్ళు చల్లి ముగ్గు వేశాను. తోయడం బరువుట. గ్యాసు సిలిండరు ఆలస్యమైన నాడు ఖాళీదాన్ని గేటు దాకా దొర్లించుకొచ్చేది నేనూ, కోడలూ. పైగా ఇంజిను మీద ప్రేమా అంటే అదీ కనిపించదు. నూనె మార్చాల్సిన తేదీ దాటి రెండు నెలలైంది. ప్లగ్గు తీసి చూసిన పాపాన పోలేదు. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, అదీ చూసుకోడు. ఇవన్నీ చేస్తే నిమిషంలో కదిలే బండి అది.

అత్తయ్యగారు పడుకున్న ఆ గదిలో, ఆ కిటికీ పక్కనే, ఇప్పుడు మా మనవడి ఉయ్యాల ఉంది. వాడికి ఏడో నెల.

మొన్న సోమవారం నుంచి మోటారు సైకిలు తాళంచెవి నా పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద ఉంది. బండి గేటు దాటాకే ఇస్తానని చెప్పాను. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని అన్నీ విన్నారు గాని, కొడుకు పక్షాన ఒక్క మాటా అనలేదు. ఈ ఉదయం కోడలు తన స్కూటరును ముందే వీధిలోకి దించుకుని, హెల్మెట్టు పెట్టుకుని, స్టార్టు చేసి, పట్టుమని అర నిమిషం ఆగి, "అత్తయ్యా, ఆయన తాళం అప్పుడే ఇచ్చేయకండి!" అని కేకేసి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.