మతం కాలమ్‌లో ఏం రాయమంటారు?

లోకంతో రాజీ పడొద్దు, విశ్వాసంలో గట్టిగా నిలబడండి అని పాస్టర్లు ప్రతి ఆదివారం చెప్తూనే ఉన్నారు. లోకం అంటే వాళ్ళ లెక్కలో సినిమా, సెల్‌ఫోను, తిరునాళ్ళు. కానీ మన పల్లెల్లో విశ్వాసానికి అసలు పరీక్ష సినిమా హాల్లో జరగడం లేదు. బడిలో అడ్మిషన్ రిజిస్టరు ముందు, తాసిల్దారు ఆఫీసు వరండాలో జరుగుతోంది.

మాలో బడిపంతుళ్ళున్నారు. ప్రతి జూన్‌లోనూ చూస్తున్నాం. పిల్ల చెయ్యి పట్టుకుని తల్లి వస్తుంది. పిల్లకి చర్చిలో పెట్టిన పేరొకటి, బడి కోసం పెట్టిన పేరొకటి. మతం అని అడగ్గానే ఆ తల్లి మన మొహం చూస్తుంది. "అయ్యా, సర్టిఫికెట్ పోకుండా, దేవుడు పోకుండా ఏదన్నా చూసి రాయండి" అంది ఒకామె. ఏం రాశామో ఇక్కడ అచ్చు వెయ్యం. రాసింది మేమే, ఆమె కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ గడి నింపుతున్నవాళ్ళం, ఎవరినీ వేలెత్తి చూపే హక్కు మాకు లేదు.

కులం విచారణకి మనిషి వస్తున్నాడంటే గోడ మీది యేసు పటం అటకెక్కడం, ఆడవాళ్ళు ఆ పూటకి బొట్టు పెట్టుకోవడం మనకు తెలియనిది కాదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టారని నవ్వేవాళ్ళున్నారు. రెండో పడవ ఎవరు తెచ్చి కట్టారో వాళ్ళు అడగరు.

కట్టింది ప్రభుత్వమే. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరు మీద వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా చదవండి. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని అందులో రాశారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉండిపోయారు. క్రైస్తవంలో కులం లేదు కదా, ఇంక మీకెందుకు అంటారు. సిక్కు మతంలో ఉందని ఏ గురువు చెప్పాడు? బుద్ధుడు చెప్పాడా? వాళ్ళకివ్వడం న్యాయమే. మనకి ఎగ్గొట్టడానికి చెప్పే కారణమే నిలబడదు. ఏ మతమూ నాది కాదని చెప్పుకునే లౌకిక రాజ్యం మాదిగవాడి మతం మాత్రం ఆరా తీస్తుంది.

మన తాతలు విశ్వాసం అంటే ఏమనుకున్నారో ఒకసారి చూడండి. ఒంగోలు తాలూకాల్లో ఆ మాట మొదట ఊరూరా తిప్పింది తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన. 1866లో బాప్తీస్మం పొందాడు. ఆ సంఘంలో చేరినవాళ్ళకి కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి భక్తి మాటలే. కానీ వెట్టి మనిషి ఆదివారం రానంటే ఎవరి పొలం ఆగింది? జాతరకి డప్పు కొట్టనంటే ఎవరికి కోపం వచ్చింది? కరణాలు, మునసబులు మనవాళ్ళని కొట్టించారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. అయినా కరువు వెనకనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గంజి కోసం కలిశారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. గంజి అయిపోయాక కూడా ఎందుకు ఉండిపోయారో చెప్పరు.

ఇంకో చెప్పులు కుట్టే ఆయన సంగతి. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టుకునేవాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది. సూసై అనే ఆయనకి ఇవ్వలేదు. ఆది ద్రావిడుడే, కానీ క్రైస్తవుడు. అదే కాలిబాట, అదే ఆరె, అదే తోలు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. కులం మిగిలి ఉందంటే చాలదు, మతం మారాక కూడా అంతే బరువైన బాధలున్నాయని రుజువు చెయ్యాలని 1985లో కోర్టు చెప్పింది. అదే ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డవాళ్ళు ఎవరి సర్టిఫికెట్టూ అడగలేదు.

తర్వాత మారిందేమిటి? మూడో పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. క్రైస్తవంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. 2025లో మన రాష్ట్ర హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న దళితుడు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. నిజం చెప్పినవాడికి బి.సి. సి గ్రూపులో ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం లేదు, ఎస్.సి. సీటులో సర్పంచిగా నిలబడే హక్కు లేదు.

ఇక చర్చి పెద్దలతో ఒక మాట. విశ్వాసంలో నిలబడమని చెప్పే మీరు ఎక్కడ నిలబడ్డారు? గుంటూరు లూథరన్లంటే ఎక్కువగా మాలలు, ఒంగోలు బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తినే ఊళ్ళు ఎన్ని? పైకులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్ళి ప్రకటనల్లో కులం అచ్చు వేయించుకుంటారు, వాళ్ళ కాగితం మాత్రం ఎక్కడా చెల్లకుండా పోదు. తాసిల్దారు ముందు తలవంచుకున్న కూలి తల్లిని పిరికి విశ్వాసి అనేముందు, ఆమెతో పాటు ఆ ఆఫీసు మెట్లెక్కండి.

పిల్లల చదువు కోసం రెండు పేర్లు మోస్తున్నవాళ్ళని సంఘాలు వెలి వెయ్యొద్దు. రికార్డుల్లోనూ క్రైస్తవులమేనని రాయించుకున్నవాళ్ళు మన పల్లెల్లో కొద్దిమంది ఉన్నారు. వాళ్ళు నష్టపోయింది మనందరి తరఫున. వాళ్ళ పిల్లల ఫీజులు చర్చి కానుకల్లోంచి ఎందుకు కట్టకూడదు? ఎవరైనా క్రైస్తవ దళితుణ్ణి కొడితే, అట్రాసిటీ వర్తించదని స్టేషన్లో చెప్పగానే వెనక్కి రాకండి. కొట్టడం మామూలు చట్టంలో కూడా నేరమే. కేసు కట్టించండి, రాజీకి కూర్చోకండి. ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఆపి మూడో పేరా చదివి వినిపించండి.

జూన్‌లో మళ్ళీ రిజిస్టరు తెరవాలి. ఈలోపు మీ చర్చి కమిటీల్లో ఈ సంగతి ఎత్తి, పెద్దలు ఏమన్నారో మాకు ఉత్తరం రాయండి. మొహం చాటేసినా సరే, అదీ రాయండి.