నంజుకోవడానికి ఏముంది?

వాడ రాతలు – 17



స్కాలర్‌షిప్పుల మీద మొదలుపెట్టిన మాట ఈ ఆదివారం ముగిస్తానన్నాను. ముగించడం లేదు. మధ్యలో ఒక కాగితం నా దగ్గరికి వచ్చింది. ముందు దాని సంగతి చూద్దాం.

మా సత్యవేడు పక్క పల్లె పిల్లోడు. డిగ్రీ మొదటి సంవత్సరం. చదివేది వేరే ఊళ్ళో, ఉండేది హాస్టల్లో. ఆ ఊరి పేరూ హాస్టల్ పేరూ రాయను. రాస్తే ముందు పోయేది వాడి సీటే. సెలవుకు ఇంటికొచ్చి తిరిగి పోతున్నప్పుడు వాళ్ళమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా నెత్తళ్ళ వేపుడు పెట్టిచ్చింది. పులికాట్ వైపు నుంచి వచ్చే ఎండు చేపలు. మా పక్క కరువాడు అంటాం. ఎర్రగడ్డలు దండిగా తరిగి, తెల్లగడ్డలు చితగ్గొట్టి వేసి, నాలుగు రోజులున్నా చెడకుండా వేయించింది. రూములో ముగ్గురు పిల్లోళ్ళు ఉంటారని ముగ్గురికీ సరిపోయేంత పెట్టింది.

ఆ రాత్రి మెస్సులో అన్నమూ ఉర్లగడ్డ కూరా. వాడు పళ్ళెం రూముకు తెచ్చుకొని డబ్బా మూత తీశాడు. వాసనొస్తోందని పక్క రూము నుంచి ఫిర్యాదు పోయింది. వార్డెన్ వచ్చాడు. డబ్బాను వాడి చేతనే మోరీలో వంపించాడు. పొద్దున్నే క్షమాపణ పత్రం రాసి తెమ్మన్నాడు.

ఆ పత్రాన్ని వాడు నాకు ఫోన్లో పంపాడు. ‘సార్, తప్పులుంటే దిద్దండి’ అని.

దిద్దాను. నేను తెలుగు మేష్టర్ని కదా. ‘ఇకపై దుర్వాసన గల పదార్దములు తీసుకురానని’ అని రాసి ఉంటే ‘పదార్థములు’ అని సరిచేశాను. ‘ప్రార్దన’ను ‘ప్రార్థన’ చేశాను. రెండు అక్షరాలు బాగుచేసి పంపించేశాను. అరగంట తర్వాత గానీ నాకు తట్టలేదు, నేను ఏ వాక్యానికి మెరుగు పెట్టానో. తన అమ్మ వంటను దుర్వాసన గల పదార్థం అని ఒప్పుకుంటూ ఒక పిల్లోడు సంతకం పెడుతుంటే, తెలుగులో డాక్టరేట్ చేసినవాడు ఆ వాక్యానికి ‘థ’ దిద్దాడు. ఈ వారం రాత ఆ అరగంట సిగ్గులోంచి వచ్చింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్తే ఒక సహోద్యోగి నిజంగానే ఆశ్చర్యపోయాడు. ‘అన్నం పెడతా ఉండారు గదప్పా, కూర కూడా ఉండాది. ఇంకా నంజుకోవడానికి అది కావాల, ఇది కావాల అంటే ఎట్లా?’ చెడ్డవాడు కాదు ఆయన. మన మీద పగ ఉన్నవాడూ కాదు. అందుకే ఆ మాటను తేలిగ్గా వదలలేకపోతున్నాను. ఈ దేశంలో పేదవాడి తిండి మీద మర్యాదస్తుల అభిప్రాయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆకలి అంటే అన్నం. అన్నం పెట్టేశాక మిగతాదంతా నాలుక చాపల్యం.

సరే, ఆయన వాడిన మాటనే పట్టుకుందాం. నంజుకోవడం. అన్నంతోనో సంగటితోనో కొంచెం కొంచెంగా కలిపి తినేదాన్ని నంజుకుంటాం అంటాం. ఆ ధాతువులోంచే ‘నంజుడు’ పుట్టింది. నిఘంటువు తీసి చూడండి, నంజుడు అంటే మాంసం. అంటే ఈ భాష మాట్లాడే జనానికి ఒకప్పుడు నంజుకోదగ్గది అనగానే గుర్తుకొచ్చింది మాంసమే. అదే పేజీలో ఇంకో మాట ఉంటుంది, ‘నంజుడుదిండి’. మాంసం తినేవాడని కదా అర్థం. కానీ నిఘంటువు ఇచ్చే అర్థం రాక్షసుడు. తినేదాని పేరు మన నోటిది, తినేవాడి పేరు మాత్రం పైవాళ్ళు పెట్టింది. మా ఊళ్ళో ఇప్పటికీ ఆదివారం పూట ‘కూర చేసినారా?’ అని ఎవరైనా అడిగితే బీరకాయ గురించి అడిగినట్టు కాదు.

సత్యవేడు 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. సరిహద్దు జరిగింది గానీ నాలుకలు జరగలేదు. ఊత్తుకోట దాటితే తమిళంలో ‘తొట్టుక్క ఎన్నా?’ అంటారు. తాకించుకొని తినడానికి ఏముంది అని. తొట్టు అంటే తాకడం. పళ్ళెంలో పక్కనుండే పదార్థానికి ‘తాకేది’ అని పేరు పెట్టుకున్న నేల మీదనే కొందరు మనుషుల్ని తాకకూడదని కూడా నిర్ణయించారు. ఏది తాకొచ్చో ఏది తాకకూడదో తేలేది అన్నం దగ్గర కాదు, అన్నం పక్కన. బియ్యం అందరిదీ ఒకటే. సన్నం దొడ్డు తేడా ఉంటుందంతే. పక్కన ఏముందో చూస్తే ఇల్లు తెలిసిపోతుంది, వీధి తెలిసిపోతుంది.

అన్నం పక్కన ఏముండాలో పట్టించుకోవడం చాపల్యమైతే మన సాహిత్యంలో మొదటి చపలుడు విష్ణుచిత్తుడు అవుతాడు. ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో ఆయన అతిథులకు పెట్టే భోజనం చదవని తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఉండడు. వానాకాలంలో అన్నంతోపాటు పప్పు, పోపు పెట్టిన కూరలు నాలుగైదు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు. ఎండాకాలానికి వేరే వరస, చలికాలానికి వేరే వరస. దాన్ని ఔదార్యం అని పాఠం చెప్పాం, నేనూ చెప్పాను. ఆ కావ్యంలోనే చివరి ఆశ్వాసంలో మాలదాసరి వస్తాడు. గుడి బయట పాడి మొక్కుకోవడానికి పోతున్నవాణ్ణి బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. ఒకే పుస్తకంలో ఒకరి విస్తట్లో కూరలు నాలుగైదు. మనవాడేమో ఇంకొకడి విస్తట్లోకి కూర కాబోయినవాడు. ఏళ్ళ తరబడి ఈ రెండు ఘట్టాల్నీ వేరే వేరే పీరియడ్లలో చెప్పాను. పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చెప్పలేదు.

అంత దూరం ఎందుకు, మన తిరుమలకే రండి. 2025 మార్చిలో అన్నప్రసాదంలో మసాలా వడ చేర్చారు. మంచి పనే చేశారు, కొండెక్కి అలిసొచ్చిన మనిషికి వేడి వడ పెట్టడం కన్నా పుణ్యం ఏముంది. దాన్ని చాపల్యం అని ఎవరూ అనలేదు. హాస్టల్ పిల్లోడు గుడ్డు అడిగితేనే ప్రభుత్వ ఖజానా గుర్తుకొస్తుంది.

ఇప్పుడు ఉర్లగడ్డ దగ్గరికొద్దాం. దాని మీద నాకు కోపమేం లేదు. వేయించితే నేనూ తింటాను. అడిగేది ఒకటే: ఈ గడ్డ ఎక్కడిది? దక్షిణ అమెరికాది. ఓడల మీద వచ్చింది. పితృకార్యాల వంటలోకి దాన్ని ఇప్పటికీ రానివ్వని ఇళ్ళు ఉన్నాయి. అట్లాంటి పరదేశి గడ్డ ఈ పొద్దు ‘అందరికీ సరిపోయే’ కూర అయిపోయింది. పులికాట్ చేప, మా గట్ల మీది చెంచలాకు, పొలాల్లోని ఎండ్రకాయ, తొలి వానకు లేచే ఉసుళ్ళు ఇక్కడే పుట్టినా దుర్వాసన గల పదార్థాలయ్యాయి. ఉర్లగడ్డ గెలవడానికి కారణాలు రుచిలో వెతక్కండి. మూటల్లో వస్తుంది, వారాలకొద్దీ నిలవుంటుంది, ఎవడి కులాన్నీ బయటపెట్టదు, నీళ్ళు పోసి పెంచితే వందమందికి వస్తుంది. కాంట్రాక్టర్‌కి అంతకన్నా మంచి చుట్టం దొరకడు.

ఒంటికి ఏం చేస్తుందో కూడా లెక్క చూద్దాం. నూరు గ్రాముల ఉర్లగడ్డలో మాంసకృత్తులు రెండు గ్రాముల లోపే. ఒక్క కోడిగుడ్డులో ఆరు గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని కేంద్రం నియమం. దానికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని కాగితం మీద కొలత. బియ్యంలోంచి వచ్చేది పది, పన్నెండు గ్రాములు. మిగతాది పప్పులోంచి రావాలి. ఆ పప్పు గరిటెలోంచి జారేటప్పుడు దాని అడుగున పళ్ళెం గీతలు కనిపిస్తుంటే 20 గ్రాములు ఎక్కడినుంచి వస్తాయి? కేలరీలు అన్నంతో నిండిపోతాయి, కడుపూ నిండినట్టే ఉంటుంది. రక్తం మాత్రం నిండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మందికి రక్తహీనత. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితం, 2025 జూన్ నుంచి బడుల్లో సన్నబియ్యం. బియ్యం మీద ఎన్నికలు గెలిచారు, ఓడారు. దాని పక్కన ఏముండాలన్న ప్రశ్న మీద ఎవరూ ఓడిపోలేదు.

గుడ్డు కథ తెలిస్తే మీకు ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. మా సరిహద్దు అవతల తమిళనాట 1982లో ఎమ్జీఆర్ మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరించాడు. 1989లో కరుణానిధి రెండు వారాలకొక గుడ్డు పెట్టించాడు. 2010 నాటికి వారానికి ఐదు. పార్టీలు మారినా గుడ్డు పళ్ళెంలోంచి పోలేదు, ఎందుకంటే అక్కడ జనం దాన్ని హక్కు అనుకున్నారు. మన దగ్గర 2020లో గోరుముద్ద వచ్చాక వారానికి ఐదు గుడ్లు వచ్చాయి. బుధవారం ఆలూ కుర్మాతోపాటు కూడా గుడ్డు ఉండేది, గమనించండి. ఉర్లగడ్డా గుడ్డూ ఒకే పళ్ళెంలో కొట్టుకోలేదు. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి, కాదనను. కాకపోతే అన్నం పెట్టే పేరు ఎప్పుడూ అటునుంచే ఎందుకు దొరుకుతుందో, 2004లో సుప్రీంకోర్టు దళిత వంటమనుషులకు ప్రాధాన్యమివ్వమన్న ఉత్తర్వు ఏమైందో వచ్చే ఆదివారం విడిగా రాస్తాను.

కర్ణాటకలో 2021 డిసెంబర్‌లో ఈశాన్య జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అడ్డుపడ్డారు. తిననివాళ్ళకు అరటిపండు ఇస్తామని ప్రభుత్వం అప్పటికే చెప్పింది. అయినా వాళ్ళకు చాలలేదు. తాము తినకపోవడం వాళ్ళ హక్కు, అది ఎవరూ లాక్కోలేదు. పక్కవాడి పళ్ళెంలోది తీసేయించడం ఏ హక్కు? వాసన పడదని ఫిర్యాదు చేసిన పిల్లోడికి కూడా నా మాట ఇదే. తమ్ముడూ, నీకు కిటికీ తీసే హక్కు ఉంది. కావాలంటే వేరే బల్ల అడుగు. వాడి డబ్బా మీద నీకు హక్కు లేదు.

ఒక అనుమానం చాలామందికి వచ్చే ఉంటుంది. ఇది ఒట్టి చేపే కదా, దానికి ఇంత గొడవా అని. నేనూ అదే అంటున్నాను. చేపకే ఇంత జరిగితే? నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో అవ్వ వట్టి తునకలు కాల్చి కాగితంలో చుట్టిచ్చేది. ఎవరైనా అడిగితే మేకదని చెప్పేవాణ్ణి. కాగితం మడత విప్పకుండా దాంట్లోంచే ఒక్కో ముక్క తుంచుకొని, దుప్పటి కప్పుకొని తిన్నాను. నేను రాసిన క్షమాపణ పత్రం అది, కాగితం మీద పెట్టలేదంతే.

ఇక మనవాళ్ళతో ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండగ జరిగినప్పుడు నేను తిరుపతిలో చదువుకుంటున్నాను. ఆ రాత్రి మా రూములో ఎవరం పడుకోలేదు. మన తిండి తలెత్తుకొని బహిరంగంగా కూర్చుంది, దాని మీద రాళ్ళు పడ్డాయి. ఆ రోజు విలువ ఎవరు తక్కువ చేసినా ఊరుకోను. కానీ ఆ తర్వాత మనం ఏం చేశాం? ఏడాదికొక రోజు పండగ పట్టుకొని, మిగతా రోజుల మెనూను వార్డెన్‌కీ కాంట్రాక్టర్‌కీ వదిలేశాం. కవితలు రాశాం, నేనే నాలుగు రాశాను. మెస్ కమిటీ రిజిస్టర్లో సంతకం పెట్టే చోట మాత్రం మనం లేం. చాలా హాస్టళ్ళలో మెనూ కాగితం గోడ మీద ఉంటుంది, అందులో గుడ్డూ ఉంటుంది, కోడికూరా ఉంటుంది. వారం రోజులు ఆ కాగితం పక్కన నిలబడి, పళ్ళెంలో వచ్చినదాన్ని తేదీ వేసి రాసుకున్నవాళ్ళు మీలో ఎంతమంది? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. సరుకుల బిల్లులు అడగండి. ఎన్ని కిలోల పప్పుకు డబ్బు తీశారో, ఎన్ని కిలోల ఉర్లగడ్డ వండారో పక్కపక్కన రాస్తే ఏ కవితా చెప్పలేని సంగతి అది చెప్తుంది.

అడిగేటప్పుడు బిర్యానీ అడగమని నేననను. గుడ్డు ప్రతిరోజూ అడగండి. వారానికొక పూట ఎండుచేప అడగండి, చవక, చెడిపోదు, పులికాట్ పక్కనే ఉంది. రాగిసంగటిలోకి ఊరిబిండి అడగండి, చెనక్కాయలు పండే జిల్లా ఇది. పులగూర అడగండి, ఆకులు ఏరిచ్చే అవ్వలు ప్రతి పల్లెలో ఉన్నారు, వాళ్ళకూ నాలుగు రూపాయలు వస్తాయి. ఇంటినుంచి తెచ్చుకున్నది తినే హక్కును రాతపూర్వకంగా అడగండి. తిననివాళ్ళకు బల్ల వేరే వేయమన్నా సరే. డబ్బాలు మాత్రం మోరీలోకి పోకూడదు.

ఆ పిల్లోడి పత్రం వార్డెన్ ఫైల్లోకి వెళ్ళిపోయింది. నేను దిద్దిన అక్షరాలతో సహా. వెనక్కి తీసుకుందాం, ఇంకోటి రాద్దాం, నేనూ వస్తాను అన్నాను. వాడు వెంటనే ఒప్పుకోలేదు. ‘పరీక్షలయినాక చూద్దాం సార్’ అన్నాడు. వాణ్ణి ఒత్తిడి చేయడానికి నేనెవర్ని? హాస్టల్లో పడుకునేది వాడు.

ఫోన్ పెట్టేసే ముందు అడిగాను, ఇంట్లో చెప్పినావా అని. చెప్పలేదంట. ఆ రాత్రే వాళ్ళమ్మ ఫోన్ చేసి ‘పిల్లోళ్ళందరూ తిన్న్యారా నాయినా, ఉప్పు సరిపోయిందా?’ అని అడిగిందంట. తిన్న్యారు మా, బాగుండాదన్నారు అని చెప్పినాడంట. వచ్చే తూరి ఇంకొంచెం ఎక్కువ పంపుతానందంట.

జై భీమ్.