మాకు రేటు కట్టడం రాలేదు

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ షెడ్లలో జాబ్‌వర్క్ చేసుకు బతికే మాకు ఒక గర్వం ఉంది. వెంట్రుక మందంలో ఐదో వంతు తేడా వచ్చినా పట్టేస్తాం. మా చేతుల మీదుగా వెళ్లిన పీసులు రాకెట్లలో, క్షిపణుల్లో, మందుల ఫ్యాక్టరీల యంత్రాల్లో ఉన్నాయి. ఇంత కొలిచే మేం, ఆ పీసు చేయడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో మాత్రం కొలవలేదు. పార్టీలు, అంటే మాకు పని ఇచ్చేవాళ్లు, గీసి గీసి బేరమాడతారనీ, చైనా సరుకు చవకనీ, పెద్ద కంపెనీలు పిండేస్తాయనీ ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చాం. అవేవీ అబద్ధాలు కావు. కానీ కొటేషన్ రాసే పెన్ను ఎప్పుడూ మా చేతిలోనే ఉంది.

మేం రేటు కట్టే తీరు చెబితే బయటివాళ్లు నమ్మరు. డ్రాయింగ్ వస్తుంది. ఒకసారి పైకీ కిందకీ చూస్తాం. ముక్క ఎంత బరువు తూగుతుందో మనసులోనే అనుకుని, మెటీరియల్ ధరకు మూడింతలో నాలుగింతలో కట్టి ఒక అంకె చెప్పేస్తాం. ఇలాంటి పీసు ఇదివరకు చేసి ఉంటే ఆ పాత రేటే. లేదంటే పక్క షెడ్డాయన ఎంత చెప్పి ఉంటాడో ఊహించి, దానికి పది రూపాయలు తక్కువ. దీనికి అనుభవం అని పేరు పెట్టుకున్నాం.

ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ బుష్ తీసుకుందాం. 45 మి.మీ. రాడ్డులోంచి 35 మి.మీ. ముక్క కోస్తే 445 గ్రాముల దాకా తూగుతుంది. కిలో 250 రూపాయలనుకుంటే మెటీరియల్ 111 రూపాయలు. మిషన్ గంటకు 500 అనుకుందాం. ప్రోగ్రాం రాసి, చక్ జాలు మార్చి, టూల్ ఆఫ్‌సెట్లు పట్టి, మొదటి పీసు కొలిచి ఓకే చేసేసరికి రెండు గంటలు, అంటే వెయ్యి రూపాయలు. ఆపైన పీసుకు 12 నిమిషాలు, వంద రూపాయలు. ఒక్క పీసే కావాలంటే ఖర్చు 1,211. రెండు కావాలంటే పీసుకు 711. యాభై కావాలంటే 231. ఇందులో లాభం లేదు, ఇన్సర్ట్ అరుగుదల లేదు, పాడయ్యే పీసుల లెక్క లేదు.

ఇప్పుడు పార్టీ వచ్చి, ‘అన్నా, అప్పుడు యాభైకి పీసు 250 లెక్కన తీసుకున్నావు కదా, ఈసారి రెండే కావాలి, 500 తీసుకో’ అంటాడు. పాత పార్టీ అని ఒప్పుకుంటాం. 1,422 రూపాయల పనికి 500. అతను వెళ్లాక పిసినారి అని తిట్టుకుంటాం. కానీ సెట్టింగ్ ఖర్చని ఒకటుందని అతనికి ఎవరు చెప్పారు? మా కొటేషన్‌లో ఉండేది ‘పీసుకు ఇంత’ అనే ఒక్క వరసే. మెటీరియల్, సెట్టింగ్, మిషనింగ్, ప్లేటింగ్, ఇన్‌స్పెక్షన్ అని విడగొట్టి రాసి ఉంటే, రెండు బదులు ఐదు చేయించుకోవడమే నయమని అతనికే తెలిసేది. ప్రాజెక్టు కోసం వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులకు, సొంతంగా యంత్రం తయారు చేద్దామనుకునే కుర్రాళ్లకు చిన్న పీసంటే చిన్న రేటని నేర్పింది మేమే. సరైన రేటు చెప్పిన ఒకరిద్దరిని దోపిడీదారులుగా చూపించిందీ మేమే.

గంట రేటు విషయంలో మమ్మల్ని మేం ఇంకా ఎక్కువ మోసం చేసుకున్నాం. 25 లక్షల మిషన్‌ను పదేళ్లకు, ఏడాదికి 300 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున పంచితే గంటకు 104 రూపాయలు. కానీ స్పిండిల్ ఎనిమిది గంటలూ కోస్తూ ఉండదు. మెటీరియల్ రాక, ఆర్డరు లేక, కరెంటు పోయి సగం గంటలే అమ్ముడుపోతే అదే ఖర్చు 208. వడ్డీ ఇంకా కలపనే లేదు. బ్యాంకు కిస్తీలు తీరిపోయాక ఇక మిషన్ ఊరికే నడుస్తోందనుకుని రేటు ఇంకాస్త తగ్గించాం. అది అరిగిపోయేనాటికి కొత్తది కొనే డబ్బు చేతిలో లేదు. సొంత షెడ్డుకు అద్దె వేసుకోలేదు. ఓనరే మిషన్ మీద నిలబడితే అతని జీతం వేసుకోలేదు. ఆదివారం ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని బర్ తీసి, తుడిచి, ప్యాక్ చేసిన గంటలైతే ఏ పుస్తకంలోనూ లేవు.

డ్రాయింగ్‌లోని టాలరెన్స్‌లతోనూ ఇలాగే నడుచుకున్నాం. 20 మి.మీ. రంధ్రానికి హెచ్7 అని రాస్తే మాకు మిగిలే జాగా 21 మైక్రాన్లు. రీమర్ కావాలి, గేజ్ కావాలి, ప్రతి పీసూ చూడాలి. బోల్టు దూరితే చాలు అనుకునే చోట కూడా కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఆ అంకె రాసేస్తాడు. ఫోన్ చేసి, ‘ఇక్కడ ఇంత అవసరమా? 0.2 మి.మీ. వదిలితే సగం రేటుకు వస్తుంది’ అనొచ్చు. అడిగితే పని రాదనుకుంటారేమోనని బిడియం. అందుకే మామూలు రంధ్రానికి పట్టే రేటే చెప్పి, మామూలు రంధ్రమే వేసి, రిజెక్ట్ కాకూడదని దేవుడికి దండం పెట్టుకున్నాం. వెనక్కి వచ్చిన లాట్లకు ఆ పార్టీ ఇన్‌స్పెక్టర్‌ను తిట్టాం.

టెండర్లలో మా తెలివి పూర్తిగా బయటపడింది. అందరికంటే తక్కువ వేసినవాడు ఎల్1. అతను మాకంటే పనిమంతుడై తక్కువ వేయలేదు. ప్లేటింగ్ లాట్ చార్జి మరిచిపోయి ఉంటాడు, లేదా హీట్ ట్రీట్‌మెంట్‌కు ఆటోలో తీసుకెళ్లి తెచ్చే ఖర్చు మరిచిపోయి ఉంటాడు. మాలో ఎవరు ఎక్కువ మరిచిపోతే వాళ్లకే ఆర్డరు. తర్వాతిసారి ఆ మరిచిపోయిన రేటే మార్కెట్ రేటవుతుంది, మిగతావాళ్లం దాని కిందకు దిగుతాం. సంఘం సమావేశాల్లో కరెంటు చార్జీల మీద, రోడ్ల మీద తీర్మానాలు చేశాం. గంట రేటు ఎలా కట్టాలో ఒక పూట కూర్చుని నేర్చుకుందామని ఎవరం అనలేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది. టూల్ డిజైన్ నేర్చుకోమని పిల్లల్ని అక్కడికి పంపాం. లెక్క నేర్చుకోవడానికి మేం ఆ గేటు దాటలేదు.

బాకీల సంగతీ అంతే. చిన్న పరిశ్రమల సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలనీ, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 చట్టం చెబుతోంది. మేం ఆ కాగితం బయటికి తీయం, పార్టీ పోతుందని భయం. పోనీ, నాలుగు నెలలు ఆగే డబ్బుకు వడ్డీ అయినా రేటులో కలిపామా అంటే అదీ లేదు.

ఇప్పుడు త్రీడీ ఫైల్ ఎక్కించగానే నిమిషంలో రేటు చూపించే వెబ్‌సైట్లు వచ్చాయి. ఆ పని చివరికి తిరిగి వచ్చేది మాలాంటి షెడ్లకే. సెట్టింగ్ ఎంత, సైకిల్ టైమ్ ఎంత, సంఖ్య పెరిగితే ఎంత తగ్గాలి అనే లెక్కంతా ఆ వెబ్‌సైట్ల వాళ్ల దగ్గరుంది. మేం చేయాల్సిన లెక్క ఇంకొకరు చేసి మా కూలి ఎంతో మాకు చెబుతున్నారు.

మేం తగ్గించిన ప్రతి రూపాయినీ ఎవరో ఒకరు కట్టారు. ఎక్కువగా కట్టింది మిషన్ ముందు పన్నెండు గంటలు నిలబడిన టర్నర్. అతని జీతం పెంచే స్థోమత లేదని చెప్పాం. ఐటీఐ చదివిన పిల్లలు ఈ పనికి రావడం లేదని వాపోయాం. వాళ్లు లెక్క కట్టుకున్నారు కాబట్టే రావడం లేదు. రేపు రాయబోయే కొటేషన్‌లో ముందుగా ఆ టర్నర్ గంట పూర్తి ఖరీదు వేయాలి, ఆ తర్వాతే బేరం మాట్లాడాలి. దానివల్ల కొన్ని ఆర్డర్లు పోతాయి. పోయేవాటిలో చాలావరకు మేం ఇన్నాళ్లూ చేతి డబ్బు పెట్టి చేసినవే.