పొట్టు మన దగ్గర, సంచులు మన పొలాల్లో: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. పడిన చినుకు ఇంకాల్సిన ఎర్రనేలలో పాలిథిన్ సంచులు కూరుకుపోతున్నాయి. పాడైన డ్రిప్పు పైపులు గట్ల మీద పోగుపడుతున్నాయి. వాటిని తగలబెడితే ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

దీనికి దారి చూపగలిగేదీ పిల్లలే, వాళ్లను తక్కువగా చూడకండి సార్. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన శ్రీజ, మొక్కలు నాటాక మిగిలిపోయే నల్ల సంచులను చూసి, వేరుశనగ పొట్టుతో కుండీ తయారుచేసింది. మొక్కతో పాటే పాతిపెడితే అది మట్టిలో కలిసిపోతుంది. కుండీలు చేసే యంత్రాన్ని హైదరాబాద్‌లోని నమూనా యంత్రాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ రూపొందించింది. దశాబ్దాలుగా వేరుశనగనే నమ్ముకున్న అనంతలో పొట్టుకు కొరతా? అలాంటి యంత్రం మన జేఎన్‌టీయూ విద్యార్థులు చేయలేరా? ఉపాధి హామీ నర్సరీలు ఆ కుండీలు కొంటే చాలు.

ఇక ఇప్పటికే పోగుపడిన ప్లాస్టిక్ సంగతి. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ రోజు బడిపిల్లలు ఇంట్లోని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తెచ్చేలా చూడండి. మురికి చెత్త మాత్రం వాళ్లచేత ముట్టించొద్దు. తెచ్చినదాన్ని పంచాయతీలోని చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం తూకం వేసి కొనాలి, ఆ డబ్బు బడికే చెందాలి. తాళం పడిన కేంద్రాలను తెరిపించండి. డ్రిప్పు కంపెనీలు పాత పైపులు వెనక్కి తీసుకునేలా చేయండి.

వచ్చే మూడో శనివారానికల్లా ఒక్క మండలంలోనైనా ఈ పనులు మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
అనంత వాసి