ఫిర్యాదు దండగన్న మాట చెల్లదు

బెంగళూరు తూర్పున ఉన్న కె.ఆర్.పురంలో, కొలువుల కోసం వచ్చిన తెలుగువారు ఉండే పీజీ హాస్టళ్లలోనూ అద్దె ఇళ్లలోనూ ఒక అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్సు, పుట్టినతేదీ ఎప్పుడో పదిమంది చేతుల్లో పడ్డాయి గనుక, ఇప్పుడు ఫిర్యాదు చేసి ఒరిగేదేమీ లేదన్నదే ఆ అభిప్రాయం. పైకి లోకజ్ఞానంలా కనిపించే ఈ మాటను ఆ ప్రాంతపు చరిత్రే తోసిపుచ్చుతోంది.

కె.ఆర్.పురం పొరుగు నియోజకవర్గమైన మహదేవపురలోనూ, నగరంలోని ఇతర చోట్లా ఓటర్ల చైతన్యం పేరిట బెంగళూరు మహానగర పాలికె నుంచి అనుమతి పొందిన చిలుమె అనే ట్రస్టు మనుషులు, తాము ఎన్నికల సిబ్బందిమని చెప్పుకొని ఇంటింటా కులం, మాతృభాష, ఫోన్ నంబరు వంటి వివరాలు సేకరించారన్న ఆరోపణ 2022లో బయటపడింది. ఫిర్యాదు అందాక పాలికె అనుమతిని రద్దు చేసింది. పత్రికలు వ్యవహారాన్ని వెలికితీశాక పోలీసు కేసులు, అరెస్టులు జరిగాయి. ఆ నవంబరులోనే ఎన్నికల సంఘం ఇద్దరు సీనియర్ అధికారుల సస్పెన్షన్‌కు ఆదేశించి, శివాజీనగర, చిక్కపేట, మహదేవపుర నియోజకవర్గాల ఓటర్ల జాబితాల్లో చేర్పులనూ తొలగింపులనూ మళ్లీ పరిశీలించమంది.

దాచుకునేదేమీ లేనివారికి భయమెందుకన్న వాదనకూ ఇక్కడే జవాబుంది. ఇంట్లో తెలుగు మాట్లాడడం రహస్యమేమీ కాదు. అయితే అదే సంగతి కులంతోనూ ఫోన్ నంబరుతోనూ కలిసి ఓటర్ల జాబితా పక్కన చేరితే, ఎవరిని ఏ మాటతో పట్టుకోవాలో, ఎవరిని పక్కన పెట్టాలో తెలిపే సాధనమవుతుంది. గోప్యత అంటే రహస్యం కాదు, తన వివరాలు ఎవరికి, ఎందుకు చేరాలో తేల్చుకునే అధికారం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి దారితీసింది, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్‌పై వేసిన పిటిషనే.

చట్టంలో లోపాలు లేవని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంస్థలపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించినా, ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకే పోతుంది తప్ప నష్టపోయినవారికి చిల్లిగవ్వ అందదు. నియమావళి 2025 నవంబరులో వెలువడినా, సంస్థల ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ చట్టం ప్రకారం బాధితులు ముందుగా సంస్థకే ఫిర్యాదు చేసి, ఫలితం దక్కకపోతేనే డేటా రక్షణ బోర్డును, అంటే విచారించి జరిమానా వేసే అధికార సంస్థను, ఆశ్రయించాలి. ఈ లోపాలు సవరణ కోరడానికి కారణాలే గాని మౌనానికి కావు.

పైగా ఒప్పందానికి విరుద్ధంగా, నష్టం కలిగించే ఉద్దేశంతో, వ్యక్తిగత సమాచారాన్ని వెల్లడించినవారికి సమాచార సాంకేతిక చట్టం 72ఎ సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. ఏ వివరం, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో, అది దుర్వినియోగమైందని ఎలా తెలిసిందో రాసి, రసీదు తీసుకున్న ఫిర్యాదు తమకు తెలియదని ఏ సంస్థా తర్వాత బుకాయించలేదు. ఒక్కరి ఫిర్యాదుతో న్యాయం జరిగి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫిర్యాదే లేనిచోట మాత్రం విచారణకు ఆధారం ఉండదు, తప్పు చేసినవారికి అడ్డూ ఉండదు.